బేరి చెక్క మీద కుందేలు

పై పెదవి చీలి పుట్టిన బిడ్డని చూస్తే
మనం గ్రహణం మొర్రి అంటాం,
నేరం చంద్రుడి మీదికి తోసేస్తాం.
ఎల్బే నది ఒడ్డున, నాలుగొందల ఏళ్ళ కిందటి చలిలో,
అది కుందేలు చేసిన పని.

మూడో నెలలో ఏం చూశావు?
అడిగాడు లాటిన్ చదివిన వైద్యుడు గెర్లాఖ్,
లవంగాలు గుచ్చిన నారింజని ముక్కు దగ్గర పెట్టుకుని.
గడ్డి పరుపు మీంచి లేవలేని ఓటీలియా
కాసేపు ఆలోచించి
రొట్టెని చూశాను అంది.
ఎక్కడ?
పక్కింటి కిటికీలో.

అది ఆయన పుస్తకంలో లేదు.
పుస్తకంలో ఉన్నది వేరు:
తండ్రి బీజం పొంగితే రెండు తలలు,
చాలకపోతే చెయ్యి కొరత,
గర్భసంచి ఇరుకైతే కాళ్ళు వంకర,
తల్లి చూపు దేని మీద నిలిస్తే
కడుపులోని మెత్తని మైనం మీద దాని ముద్ర.
కుందేలు. కుందేల్ని చూడలేదూ? బాగా గుర్తు తెచ్చుకో.
సంతలో కాళ్ళు పైకి కట్టి వేలాడేస్తారుగా,
చూసే ఉంటాను, అందామె.
ఏ నెలలో అని అడగకుండానే
ఆయన కలం సిరాలో ముంచాడు.

ఆ వాక్యం బండెక్కి పట్నం చేరేసరికి
బిడ్డకి చెవులు మొలిచాయి.
అచ్చుశాల రూడెల్ తోక కూడా అడిగాడు.
తోక లేనిదాన్ని డబ్బిచ్చి ఎవడు కొంటాడు?

వెండెల్ చెక్కాడు,
బేరి చెక్క మీద, అద్దంలోలా కుడిఎడమలు మార్చి.
ఈ పనిలో ఒక తిరకాసుంది:
ఉలి తాకిన చోటు కాగితం మీద తెల్లగా మిగులుతుంది,
తాకనిదే నల్లగా అచ్చవుతుంది.
చెవులూ తోకా, వెనకాల ఆకాశంలో తోకచుక్కా
అంతా అతను ముట్టకుండా వదిలేసిన చెక్కే.
నిజంగా తవ్వి తీసింది మొర్రిని,
చిటికెనవేలి గోరంత.

ఇంట్లో పొలోనియాకి ఏడో నెల.
ఊరూరా గోడలకెక్కబోయే బొమ్మని
పాత గుడ్డలో చుట్టి, పిండి తొట్టి వెనక దాచాడు.
ఆమె కంట పడకూడదు.

పడలేదు. ఆ రాత్రి దీపం లేకుండా లేచింది,
చూడకూడదన్నది చూడలేదు,
వేలితో తడిమింది.
పొడుగాటి చెవులు. మెలితిరిగిన తోక.
తర్వాత వేలు ఒక చిన్న గుంటలో పడి ఆగింది.
నిద్రపోతున్న మొగుణ్ణి కుదిపింది.
ఏమయ్యా, ఈ బిడ్డ పాలెట్లా తాగుతోంది?

గెర్లాఖ్ అడగలేదు. రూడెల్ అడగలేదు.
వెండెల్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారకముందే బయల్దేరింది,
ఒక కొమ్ము చెంచా, ఒక రొట్టె, రెండు కోసుల మంచు.
దారి పొడుగునా చంద్రుడు.
అందులో కుందేలుందని ఆ దేశంలో ఎవరూ చెప్పుకోరు,
చెప్పుకుంటే అదీ రాసుకునేవాడు గెర్లాఖ్.

వెళ్ళి, కూర్చుని, కళ్ళారా చూసింది.
చెంచా వంచింది. సగం చీలికలోంచి కారిపోయాయి.
కొంగుతో తుడిచి మళ్ళీ వంచింది.
ఓటీలియా రొట్టె నమలడం ఆపి
ఆమె కడుపు వంక భయంగా చూసి
మొహం తిప్పుకో తల్లీ అంది.
పొలోనియా తిప్పుకోలేదు.

వసంతంలో ఆమెకి పుట్టిన బిడ్డ సంగతి
ఏ కాగితంలోనూ లేదు.
అచ్చెయ్యడానికి ఏమీ దొరికి ఉండదు.

బేరి చెక్క మాత్రం చాలాకాలం బతికింది.
ఒక వరదకి, ఒక యుద్ధానికి,
ఊరి పేరు మార్చి, తల్లి పేరు మార్చి,
రూడెల్ కొడుకులు దాన్నే మళ్ళీ మళ్ళీ నొక్కారు.
ఎండిన సిరా గాట్లలో పేరుకుంది,
ముందు చిన్న గాట్లలో.
ఆఖరి ప్రతుల్లో పెదవి అతుక్కుపోయి ఉంటుంది.
చెవులు అలాగే ఉన్నాయి. తోక కూడా.